అడ్వాన్సు తీసుకునే ముందు గది కొలత రాసివ్వండి

నగర పాలక సంస్థల కమిషనర్లకు, పట్టణ ప్రణాళిక, విద్యుత్తు, అగ్నిమాపక శాఖల అధికారులకు, ఊరి నడిబొడ్డున గదులు అద్దెకిచ్చే యజమానులకు, బ్రోకర్లకు

నమస్కారం.

అద్దె గదుల్లో ఉంటున్నవాళ్లం, ఆ గదుల్లో వైరింగు, ప్లంబింగు పనులు చేసేవాళ్లం, అద్దె అగ్రిమెంట్లు రాసిపెట్టేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇందులోని విషయాలన్నీ ఇదివరకే విడివిడి అర్జీలుగా ఇచ్చాం. గది ఇరుకంటే ప్రణాళిక విభాగానికి వెళ్లమన్నారు. వైరు కాలుతోందంటే కరెంటు ఆఫీసుకు వెళ్లమన్నారు. అడ్వాన్సు తిరిగి రాలేదంటే కోర్టుకు పొమ్మన్నారు. అద్దెకున్న మనిషికి మాత్రం ఈ మూడూ ఒకే గదిలో, ఒక్కోసారి ఒకే నెలలో ఎదురవుతాయి. అందుకే ఈసారి అన్నీ ఒకచోట పెట్టి, అందరికీ కలిపి రాస్తున్నాం.

అద్దెలు సగానికి తగ్గించమని మేం అడగడం లేదు. నోటితో చెప్పే అద్దె ఒకటి, నెల తిరిగేసరికి చేతి నుంచి పోయేది మరొకటి అవుతోంది. చవక గది అనే మాట వెనక కిటికీ, కరెంటు, నీళ్లు, మెట్ల దారి, తిరిగి రావాల్సిన అడ్వాన్సు ఒక్కొక్కటిగా కోతపడుతున్నాయి. ఆ కోత ఎంతో డబ్బు చేతులు మారకముందే కాగితం మీద కనబడాలి. మా కోరిక ఇంతే.

చవగ్గా కావాలంటే ఊరి బయటికి పోవచ్చు కదా అని చాలామంది అంటారు. రాత్రి డ్యూటీ చేసే నర్సులు, తెల్లవారకముందే దుకాణం షట్టరు ఎత్తేవాళ్లు, రెండు మూడు చోట్ల ఇంటిపని చేసేవాళ్లు, కోచింగుకు వచ్చిన పిల్లలు నడిబొడ్డున ఉండేది సరదాకు కాదు. రానుపోను మూడు గంటలు పట్టే చోటికి మారితే, నెలకు 26 పనిరోజుల లెక్కన 78 గంటలు బస్సులోనే పోతాయి. ఎనిమిది గంటల డ్యూటీతో చూస్తే దాదాపు పది రోజుల పని. ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ 1991లోనే తగిన నివాసానికి ఏడు లక్షణాలు చెప్పింది. భరించగలిగే ఖర్చు వాటిలో ఒకటి. పనికి, ఆసుపత్రికి, బడికి అందుబాటులో ఉండే చోటు మరొకటి. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోండని ఆ కమిటీ అనలేదు.

ఇక విషయాలు.

1. గది కొలత

టులెట్ బోర్డు మీద సింగిల్ రూమ్ అని ఉంటుంది. ఎన్ని అడుగుల గదో ఉండదు. నడిబొడ్డున ఎక్కువగా జరిగేదేమిటంటే, పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు ఉన్న హాలును ప్లైవుడ్డుతోనో జిప్సం బోర్డుతోనో మూడు ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క 64 చదరపు అడుగులు, అంటే ఆరు చదరపు మీటర్ల లోపే. ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న మంచం వేస్తే దాదాపు 20 చదరపు అడుగులు పోయినట్టే. తలుపు లోపలికి తెరుచుకునేదైతే దాని రెక్క తిరగడానికి మరో ఆరు చదరపు అడుగులు ఖాళీగా వదలాలి. మిగిలిన చోటులోనే బట్టలు, నీళ్ల డబ్బా, పుస్తకాలు, మనిషి.

హాలుకు ఉన్న కిటికీ మూడు గదుల్లో ఒకదానికే దక్కుతుంది. లేదంటే పార్టిషన్‌ను సరిగ్గా కిటికీ నడుమకు తెచ్చి, ఒక రెక్క ఈ గదికి, ఇంకో రెక్క ఆ గదికి పంచుతారు. బోర్డుకూ కిటికీ చట్రానికీ మధ్య మిగిలే రెండంగుళాల సందులో థర్మోకోల్ ముక్క కుక్కి, పైన బ్రౌన్ టేపు అంటిస్తారు. పక్క గదిలో లైటు వేస్తే ఆ టేపు అంచున సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఫోను మాటలు, దగ్గు, అలారం అన్నీ ఆ సందులోంచి వస్తాయి. గదిని పగలు చూసి అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు ఈ సంగతి మొదటి రాత్రి గానీ తెలియదు.

గదికి కనీస కొలత పెట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. ఫ్రాన్సులో 2002 నాటి డిక్రీ ప్రకారం అద్దెకిచ్చే ఇంట్లో ఒక ప్రధాన గదైనా 9 చదరపు మీటర్లు, 2.20 మీటర్ల ఎత్తు ఉండాలి, లేదా మొత్తం 20 ఘనపు మీటర్ల చోటు ఉండాలి. ఇంగ్లండులో పలువురు వేర్వేరుగా అద్దెకుండే, లైసెన్సు పొందాల్సిన ఇళ్లలో 2018 అక్టోబరు 1 నుంచి పడకగది ఒక్కరికైతే 6.51, ఇద్దరికైతే 10.22 చదరపు మీటర్లకు తగ్గకూడదు. పైకప్పు ఏటవాలుగా ఉండి మీటరున్నర కంటే తక్కువ ఎత్తున్న చోటు లెక్కలోకే రాదు. భారత జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 ప్రకారం ఇంట్లో నివాస గది ఒక్కటే అయితే అది 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 102 చదరపు అడుగులు ఉండాలి, వెడల్పు 2.4 మీటర్లకు తగ్గకూడదు. పైన చెప్పిన 64 అడుగుల ముక్క ఈ మూడింటిలో ఒక్కదానికీ అందదు.

చిన్నది కాబట్టే చవక అని యజమానులు చెబుతారు. లెక్క వేసి చూడండి. హాలు మొత్తానికి వచ్చే అద్దెలో సగం చొప్పున ఒక్కో ముక్కకు వసూలు చేస్తే, అదే చోటుకు ముగ్గురూ కలిసి ఒకటిన్నర రెట్లు కడుతున్నారు. అడుగుకింత అని చూస్తే నడిబొడ్డున అందరికంటే ఎక్కువ అద్దె ఇచ్చేది చవక గదిలో ఉన్నవాళ్లే.

2. గాలి, చెమ్మ

నిద్రపోతున్న పెద్దమనిషి గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడు వదులుతాడు. ఆరు చదరపు మీటర్ల గది 2.7 మీటర్ల ఎత్తుంటే అందులో పట్టే గాలి 16 ఘనపు మీటర్లు. బొత్తిగా గాలి ఆడకపోతే ఎనిమిది గంటల్లో 96 లీటర్లు చేరి, పదిలక్షల వంతుల్లో 6,000 వంతులు అవుతుంది. బయటి గాలిలో ఉండేది 420 చిల్లర. తలుపు సందుల్లోంచి కొంత బయటికి పోతుంది కాబట్టి నిజంగా అంత పేరుకోదు, కానీ కిటికీ లేని గదిలో లేచేసరికి తల బరువెక్కడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అదే గదిలో రెండో మంచం వేస్తే లెక్క రెట్టింపు.

చెమ్మను అద్దెకొచ్చేవాళ్లు పసిగట్టకుండా కొత్త రంగు కప్పేస్తుంది. గోడ అంతా పాతబడి, కింది మూడడుగుల మేర మాత్రమే కొత్తగా మెరుస్తుంటే అనుమానించాలి. బాత్రూమును ఆనుకున్న గోడను మోకాలి ఎత్తులో అరచేత్తో నొక్కి చూడాలి. చల్లగా తగిలినా, గోకితే తెల్లటి ఉప్పు పొడి రాలినా వెనక పైపు కారుతుండవచ్చు. ఆ చెమ్మను రంగు ఆపలేదు, మూడు నెలల్లో పొక్కులు లేస్తుంది. అప్పుడు ఆ మచ్చ ఖర్చును అద్దెకున్నవాళ్ల అడ్వాన్సులోంచి పట్టుకుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ బూజు ఏం చేస్తుందో వైద్యులను అడిగినా చెబుతారు.

3. కరెంటు తీగ

దీని గురించి ఎక్కువ రాస్తున్నాం. ప్రాణం మీదికి వచ్చేది ఇదే.

హాలు మూడు గదులైనా వైరింగు మాత్రం పాతదే ఉంటుంది. ఒక ప్లగ్గు లైను నుంచి మరో రెండు బోర్డులు లాగుతారు. పొద్దున ఏడింటికి ఒక గదిలో నీళ్లు కాచే రాడ్డు, 1500 వాట్లు. పక్క గదిలో ఇండక్షన్ స్టవ్, 2000 వాట్లు. మూడో గదిలో కెటిల్ 1500, ఇస్త్రీపెట్టె 1000. మొత్తం 6000 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది 26 ఆంపియర్లు. లైనుకు ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీ (పరిమితి దాటి కరెంటు పోతే దానంతటదే ఆపేసే స్విచ్) కాసేపటికి పడిపోతుంది. అది దాని పని అది చేసింది.

తర్వాత జరిగేదే ప్రమాదం. రోజూ ట్రిప్ అవుతోందని ఫిర్యాదు వెళ్తుంది. వైరు మార్చాలంటే గోడ పగలగొట్టాలి, ఖర్చు. ఎంసీబీ మార్చడం పది నిమిషాల పని. 16 తీసేసి 32 పెడతారు. ఇక ట్రిప్ కాదు, అందరూ సంతోషిస్తారు. గోడలోపల పైపులో ఉన్నది ఇంకా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగే. అది మోయగలిగేది సుమారు 15 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 బదులు 26 పోతే వేడి మూడు రెట్లు. 32 ఆంపియర్ల ఎంసీబీ దీన్ని పట్టించుకోదు, దాని పరిమితిలోనే ఉంది కదా. తీగ మీది పీవీసీ తొడుగు మెత్తబడుతుంది, ఎక్కడో ఒక కీలు దగ్గర నల్లబడుతుంది. ఆ కీలు ప్లైవుడ్ పార్టిషన్ వెనక ఉంటే ఏమవుతుందో అగ్నిమాపక శాఖకు మేం చెప్పనక్కర్లేదు.

గది చూడడానికి వెళ్లినవాళ్లు మూడు పనులు చేయాలి. ఎంసీబీ మీద రాసి ఉన్న అంకె చదవాలి. సి16 అంటే 16 ఆంపియర్లు, సి32 అంటే 32. ప్లగ్గు సాకెట్టు రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ ఉందేమో చూడాలి. ప్యానెల్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో అడిగి, దాని మీది టెస్టు బటన్ నొక్కించాలి, నొక్కగానే పడిపోవాలి. పడకపోతే షాకు కొట్టినప్పుడు కాపాడేది ఏదీ లేదని అర్థం. యజమానులకు మా విన్నపం: గదికి ఒక లైను చొప్పున ప్యానెల్ నుంచి విడిగా వేయించండి. 16 ఆంపియర్ల సాకెట్లకు కనీసం 2.5, గీజరుకో ఏసీకో 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించండి. తీగ మార్చకుండా పెద్ద ఎంసీబీ పెట్టించకండి, పెట్టమని అడిగినా ఎలక్ట్రీషియన్లు ఒప్పుకోకండి.

4. మీటరు లెక్క

భవనానికంతటికీ ఒకే మీటరు ఉండి, గదులకు సబ్ మీటర్లు పెట్టిన చోట రెండు నష్టాలు.

ఒకటి శ్లాబు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే పద్ధతి ఉన్న ఊళ్లలో, నెలకు 60 యూనిట్లు వాడే మనిషి విడి మీటరు ఉంటే కింది శ్లాబుల్లోనే ఉంటాడు. అలాంటి ఐదుగురిని ఒక మీటరు కింద కడితే 300 యూనిట్లవుతాయి, బిల్లు పై శ్లాబుకు ఎక్కుతుంది. చాలాచోట్ల యజమాని ఆ పై శ్లాబు ధరనే ప్రతి యూనిట్‌కూ వేస్తాడు. తక్కువ వాడేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన తగ్గింపు ఆ తక్కువ వాడేవాళ్లకే అందకుండా పోతోంది.

రెండోది సబ్ మీటరు తప్పుగా తిరగడం. దీన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. మీటరు మీద 1600 అనో 3200 అనో ఉంటుంది, ఒక యూనిట్‌కు ఎర్ర దీపం అన్నిసార్లు మిణుకుతుంది. ముందు గదిలో అన్నీ ఆపేసి, ప్లగ్గులు పీకేసి పది నిమిషాలు చూడండి. అప్పుడూ మిణుకుతుంటే పక్క గది కరెంటో, కారిడార్ లైటో మీ మీటరు మీదే పోతోంది. తర్వాత 1500 వాట్ల కెటిల్ నిండా నీళ్లు పోసి సరిగ్గా నాలుగు నిమిషాలు నడపండి. అది యూనిట్‌లో పదో వంతు. 3200 మీటరైతే 320 మిణుకులు రావాలి, ఓల్టేజీ హెచ్చుతగ్గులకు పది శాతం అటూ ఇటూ వదిలేయవచ్చు. 450 వస్తే ఆ మీటరు మార్చాల్సిందే.

5. గ్యాస్ గీజరు

కిటికీ లేని బాత్రూములో గ్యాస్ గీజరు బిగించి అద్దెకివ్వడం నేరంగా చూడాలని మా అభిప్రాయం. గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కాళ్లలో నిస్సత్తువ వస్తాయి. అలసట అనుకునేలోపే స్పృహ తప్పుతుంది, తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంటుంది. గీజరు బాత్రూము బయట గాలి ఆడే చోట ఉండాలి, పొగ గొట్టం ఆరుబయటికి పోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాం కదా అన్నది జవాబు కాదు, తలుపు కింద గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఆ ఫ్యాను పొగనే వెనక్కి లాగగలదు.

6. మెట్ల దారి, గేటు తాళం

ఇలాంటి భవనాలకు చాలావరకు ఒకటే మెట్ల వరుస. ఆ మెట్ల కిందే బండ్లు పెడతారు, ఇప్పుడు బ్యాటరీ బండ్ల చార్జింగు కూడా అక్కడే. మంట కింద పుడితే పొగ పైకి వెళ్లేదీ మెట్ల దారినే, మనుషులు కిందికి రావాల్సిందీ అదే దారిన. కిటికీలకు బిగించిన ఇనుప గ్రిల్లు తెరుచుకోదు. రాత్రి పదిన్నరకు కింద కొలాప్సిబుల్ గేటుకు తాళం పడుతుంది, తాళంచెవి యజమాని ఇంట్లోనో వాచ్‌మన్ జేబులోనో ఉంటుంది. గేటుకు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తీయగలిగే గడియ పెట్టించండి. దొంగల భయం మాకూ ఉంది. బయటి నుంచి తెరుచుకోకుండా, లోపలి నుంచి మాత్రం తెరుచుకునే గడియలు బజార్లో దొరుకుతున్నాయి.

7. మరుగుదొడ్లు

అంతస్తుకు పన్నెండు మంది, బాత్రూము ఒకటి. మనిషికి పావుగంట అనుకున్నా మూడు గంటలు. అందరికీ కావాల్సింది మాత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్యనే. ఐదుగురికి ఒకటి అన్నది అంగీకరించదగిన లెక్క.

8. అడ్వాన్సు

జర్మనీలో అడ్వాన్సు మూడు నెలల మూల అద్దెకు మించకూడదు, అదీ మూడు వాయిదాల్లో కట్టవచ్చు. ఇంగ్లండులో 2019 చట్టం ప్రకారం ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపుంటే ఐదు వారాల అద్దెకు మించి తీసుకోరాదు. తీసుకున్న డబ్బును యజమాని 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ పథకం కిందికి తేవాలి. భారతదేశంలో 2021 నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలల పరిమితి చెప్పింది, కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలవుతుంది.

అడ్వాన్సు పోయే దారి ఎక్కువగా గోడ రంగే. ఏడాది ఉండి ఖాళీ చేసినవాళ్ల దగ్గర రంగు ఖర్చు మొత్తం పట్టుకుంటారు. నాలుగేళ్లలో నలుగురు మారితే నాలుగుసార్లు డబ్బు పట్టుకుని, రంగు మాత్రం ఒకసారే వేయిస్తారు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల అద్దెలోనే కలిసి ఉంటుంది. పగిలిన సింకు వేరు, మాసిన గోడ వేరు.

చేరే రోజునే ఇద్దరూ కలిసి చేయాల్సిన పని ఇది. నాలుగు గోడలు, పైకప్పు, నేల, స్విచ్ బోర్డు, కుళాయిలు, కమోడు, తలుపు తాళం, మీటరు అంకె ఫోటోలు తీసి, అదే రోజు ఒకరికొకరు మెసేజ్‌లో పంపుకోవాలి. ఫ్యాన్లెన్ని, లైట్లెన్ని, తాళంచెవులెన్ని అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అరగంట పని. ఖాళీ చేసే రోజు అదే కాగితం ముందు పెట్టుకుంటే గొడవ ఉండదు.

అగ్రిమెంటులో రాయించాల్సినవి: అద్దెలో ఏమేం కలిసి ఉన్నాయి, నీళ్లు, మెయింటెనెన్సు, చెత్త విడిగా ఎంత, ఏటా పెంపు ఎంత శాతం, ఖాళీ చేయడానికి ఇరువైపులా ఎన్ని రోజుల నోటీసు, మరమ్మతు ఎవరిది, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. యజమాని గదిలోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలన్నది పైన చెప్పిన నమూనా చట్టంలోనే ఉంది. ఖాళీ చేయించడానికి నీళ్లు, కరెంటు కట్టేయకూడదన్నదీ ఉంది. అద్దె ఆలస్యమైతే నోటీసు ఇవ్వండి, ఫ్యూజు పీకకండి.

9. బ్రోకర్లు, దొంగ ప్రకటనలు

కష్టపడి గదులు చూపించే బ్రోకర్ల మీద మాకు ఫిర్యాదు లేదు. వాళ్ల కూలి ఎవరివ్వాలన్నదే ప్రశ్న. జర్మనీలో 2015 జూన్ 1 నుంచి బ్రోకరును ఎవరు పనికి పెట్టుకుంటే వాళ్లే కమీషన్ ఇవ్వాలి. న్యూయార్క్ నగరంలో 2025 జూన్‌లో అలాంటి నియమమే అమల్లోకి వచ్చింది. యజమాని పెట్టుకున్న బ్రోకరుకు అద్దెకొచ్చేవాడు నెల అద్దె ఇచ్చుకోవడం ఎక్కడి న్యాయం?

దొంగ ప్రకటనల తీరు ఒకటే. నడిబొడ్డున మంచి గది, చుట్టుపక్కల కంటే బాగా తక్కువ అద్దె, ఓనరు ఊళ్లో లేరు, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, టోకెన్ పంపితే ఆపుతాం. గది తలుపు తీసి లోపలికి అడుగుపెట్టకముందు ఒక్క రూపాయీ పంపకూడదు. చూపించిన మనిషి పేరు, కరెంటు బిల్లు మీదో ఆస్తి పన్ను రసీదు మీదో ఉన్న పేరు, డబ్బు వెళ్లే బ్యాంకు ఖాతా పేరు మూడూ కలవాలి. కలవకపోతే అతను కూడా అద్దెకున్నవాడై ఉండవచ్చు, అప్పుడు అసలు యజమాని రాతపూర్వక అనుమతి అడగాలి. లేకుంటే అసలు యజమాని వచ్చిన రోజు అడ్వాన్సూ పోతుంది, గదీ పోతుంది.

10. ఎవరికి ఇవ్వరు

ఒంటరి ఆడవాళ్లకు ఇవ్వం, ఫలానా కులం వాళ్లకు, మతం వాళ్లకు ఇవ్వం అనే మాట ఫోనులోనే తేలిపోతుంది. నాలుగు చోట్ల కాదనిపించుకున్న మనిషి ఐదో చోట కిటికీ లేని గదికి కూడా తలూపుతుంది, ఎక్కువ అద్దెకైనా సరే. పై తొమ్మిది అంశాల్లో ప్రతి నష్టమూ ఇలాంటివాళ్ల మీదే ముందు పడుతుంది. అద్దె కట్టగలరా, గదిని బాగా చూసుకుంటారా అని అడగండి. అంతకు మించి అడిగే హక్కు యజమానికి ఉండకూడదు.

అధికారులకు ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ఉత్తరం చదివి రేపే వచ్చి గదులకు సీలు వేయకండి. మాకు అన్నిటికంటే ఎక్కువ భయం అదే. న్యూయార్క్ 1955లో ఒంటిగది నివాసాల కొత్త నిర్మాణాన్ని నిషేధించింది. తర్వాతి దశాబ్దాల్లో ఉన్న గదులూ కూలిపోయి, రూపు మారిపోయి, వాటిలో బతికినవాళ్లలో ఎంతోమంది వీధిన పడ్డారు. ఇంగ్లండు 2018లో కనీస కొలత తెచ్చినప్పుడు, చాలని గదులను సరిచేసుకోవడానికి 18 నెలల దాకా గడువు ఇచ్చే వీలు పెట్టింది. ఆ దారి పట్టండి. అలాగే నడిబొడ్డు గదులు పర్యాటకుల రోజువారీ విడిదులుగా మారిపోవడాన్ని చూడండి. బార్సిలోనా నగరం 2028 నవంబరు నాటికి తన 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను ఇక కొనసాగించబోనని 2024లో ప్రకటించింది. అంత దూరం పోనక్కర్లేదు, ఎన్ని గదులు అలా మారాయో ముందు లెక్కపెట్టండి.

మా కోరికలు:

1. అద్దెకిచ్చే ప్రతి గదికి ఒక పేజీ గది చీటీ తప్పనిసరి చేయండి. అందులో గోడ నుంచి గోడకు కొలత, తక్కువలో తక్కువ ఎత్తు, కిటికీ తెరుచుకునే వైశాల్యం, ఎందరికి గది, అద్దె, విడి ఖర్చులన్నీ, అడ్వాన్సు, ఎంసీబీ అంకె, మీటరు అంకె ఉండాలి. చీటీ చేతికివ్వకుండా తీసుకున్న అడ్వాన్సు అడిగిన రోజే తిరిగివ్వాలి.

2. పార్టిషన్లు వేసి అద్దెకిస్తున్న భవనాల్లో ఏడాదిలోగా వైరింగు, గ్యాస్ గీజర్లు, మెట్ల దారి తనిఖీ చేయండి. లోపాలు దొరికితే యజమానికి గడువిచ్చి సరిచేయించండి. కరెంటు, గ్యాస్ లోపాలకు 30 రోజులు, గది కొలతకు 18 నెలలు మేం సూచించే గడువు. ప్రాణాపాయం ఉండి ఖాళీ చేయించక తప్పకపోతే, అదే పేటలో బస చూపించాకే చేయించండి.

3. తనిఖీ కోరినందుకో ఫిర్యాదు చేసినందుకో ఆరు నెలల లోపు ఖాళీ చేయమనే నోటీసు చెల్లదని ఉత్తర్వు ఇవ్వండి. ఇది లేకపోతే రెండో కోరిక కాగితం మీదే ఉండిపోతుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు.

4. ఒకే మీటరు కింద ఎన్ని గదులుంటే శ్లాబును అన్ని రెట్లు చేసి బిల్లు వేయండి, లేదా గదికో మీటరు ఇవ్వండి. సబ్ మీటరు మీద వసూలు చేసే ధర, ఆ నెల అసలు బిల్లు సగటు ధరను మించకూడదు. అసలు బిల్లు నకలు అద్దెకున్నవాళ్లకు చూపించాలి.

5. అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేయండి. ఖాళీ చేసిన 15 రోజుల్లో తిరిగివ్వాలి, కోత ఉంటే రసీదులతో చూపించాలి.

6. బ్రోకరు కమీషన్ బ్రోకరును పెట్టుకున్నవాళ్లదే.

7. కొలత, కరెంటు, అడ్వాన్సు ఫిర్యాదులన్నీ ఒకే కిటికీ దగ్గర తీసుకుని, ఒకే నంబరు ఇచ్చి, ఏ శాఖ దగ్గర ఎన్ని రోజులుగా ఉందో ఫిర్యాదుదారుకు కనబడేలా చేయండి.

యజమానుల్లో చాలామంది జీవితకాలం కూడబెట్టిన డబ్బుతో ఆ భవనం కట్టుకున్నవాళ్లని, అద్దె మీదే ఇల్లు గడుపుకుంటున్నారని మాకు తెలుసు. గదికో లైను వేయించడానికి, ఆర్‌సీసీబీ పెట్టించడానికి అయ్యే ఖర్చును ఆస్తి పన్నులో తగ్గింపుగా ఇవ్వాలని వారి తరఫున కూడా మేమే అడుగుతున్నాం.

మొదటి, మూడో కోరికలకు కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదని మా నమ్మకం, కార్యనిర్వాహక ఉత్తర్వుతో మొదలుపెట్టవచ్చు. 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. గది చీటీ నమూనా, తనిఖీలో చూడాల్సిన అంశాల పట్టిక మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పిలిస్తే టేపు, టెస్టరు పట్టుకుని మీ సిబ్బంది వెంట వస్తాం.

ఇట్లు,
నడిబొడ్డు గదుల్లో అద్దెకుంటున్నవాళ్లు, ఆ గదుల్లో పనిచేసే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, అగ్రిమెంట్లు రాసేవాళ్లు